బొగ్గు మనది, కొలిమి ఎవరిది?

"కథలూ కవిత్వమూ రాసుకునేవాడివి, ఈ కంపైలర్ల గొడవ నీకెందుకయ్యా?" అని ఈమధ్య ఒక సాహితీమిత్రుడు నలుగురిలో నన్ను అడిగాడు. ఆ అడగడంలో వెటకారం లేదు, నిజమైన ఆశ్చర్యమే ఉంది. అప్పటికప్పుడు తగిన సమాధానం తోచక నవ్వి ఊరుకున్నాను. ఇంటికి చేరేసరికి నవ్వు పోయి ప్రశ్న మిగిలింది. ఈ టపా ఆ మిత్రునికి నేను బాకీపడ్డ సమాధానం. కాస్త కటువుగా ఉంటే మన్నించాలి. ఆ ప్రశ్న ఆయన ఒక్కడిదే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. కంప్యూటర్ తెరమీద తెలుగక్షరం కనబడగానే పని పూర్తయిందనుకున్న మన తరం మొత్తానిదీ అదే ప్రశ్న.

నా వాదం ముందే చెప్పేస్తాను. ఒక సాఫ్ట్‌వేరును దాని సోర్సు నుండి సొంతంగా కంపైల్ చేసుకోగల మనుషులు ఒక భాషలో తగినంతమంది లేనంతకాలం, ఆ భాష కంప్యూటర్లో అద్దెకుంటున్నట్టే లెక్క. గోడకు మేకు కొట్టాలన్నా ఇంటివాణ్ణి అడగాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు పుణ్యమా అని కొన్ని ఇళ్ళ తాళపుచెవులు మన చేతికే వచ్చాయి. కానీ ఆ తలుపు తీయడమెలాగో మనం ఎవరికీ తెలుగులో చెప్పలేదు. ఆ తప్పు ఇంటివాడిది కాదు, మనదే.

నేనుండేది జ్యోతినగర్. రామగుండంలో ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రాన్ని ఆనుకుని పుట్టిన ఊరు. 1983లో తొలి యూనిట్‌తో మొదలైన ఆ కేంద్రం, 200 మెగావాట్లవి మూడు, 500 మెగావాట్లవి నాలుగు యూనిట్లతో 2600 మెగావాట్లకు ఎదిగింది. పక్కనే గోదావరిఖని, సింగరేణి బొగ్గుబాయిలు. బాయిల నుండి బొగ్గు రైలు మీద వస్తుంది, మిల్లుల్లో పిండి అవుతుంది, బాయిలర్లో మండుతుంది, నీటిని ఆవిరి చేస్తుంది, ఆ ఆవిరి టర్బైను తిప్పుతుంది, ఆ తర్వాతే కరెంటు. ఇక్కడ చిన్నపిల్లవాడికి కూడా ఈ వరస తెలుసు. బొగ్గుకుప్ప చూపించి "ఇదిగో, నీకు కరెంటు ఇచ్చేశాను" అంటే వాడు పకపకా నవ్వుతాడు.

సాఫ్ట్‌వేరు సంగతి వచ్చేసరికి మనం ఆ పిల్లవాడిపాటి తెలివి కూడా చూపడం లేదు. మనిషి చదవగల సోర్సు బొగ్గు. మీట నొక్కగానే నడిచే ప్రోగ్రాము కరెంటు. నడుమనున్న కంపైలరు, లింకరు, హెడరు ఫైళ్ళు, లైబ్రరీలు, వాటిని వరసలో నడిపే స్క్రిప్టులు అన్నీ కలిస్తే కొలిమి. "సోర్సు అందరికీ బహిరంగం" అనే ప్రకటన వినగానే చప్పట్లు కొడతాం. కొలిమి ఎక్కడుందని ఒక్కరమూ అడగం.

అడగవలసిన అవసరం నాకెలా వచ్చిందో చెబుతాను.

నేను చాలాకాలంగా ఒక చిన్న టెక్స్ట్ ఎడిటరులో రాసుకుంటున్నాను. దాని పేరు ఇక్కడ అనవసరం. ఒక సంవత్సరం కొత్త కూర్పు దించుకున్నాక, నా రాతల్లో ఒక వింత మొదలయింది. 'జ్యోతినగర్‌లో' అని రాసి, దాచి, మళ్ళీ తెరిస్తే 'జ్యోతినగర్లో' అని కనబడేది. అంటే రకారపు పొల్లు పోయి, దానికింద లకారం ఒత్తుగా చేరిపోయేది. 'సాఫ్ట్‌వేరు' కూడా అంతే, టకారం కింద వకారం వేలాడేది. ఊరిపేరు ఊరిపేరుగా నిలబడాలంటే, ఆ పొల్లుకూ తరువాతి హల్లుకూ మధ్య కంటికి కనబడని ఒక అక్షరం ఉండాలని మీలో చాలామందికి తెలుసు. దాని పేరు జీరో-విడ్త్ నాన్-జాయినర్, యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. నా ఎడిటరు దాన్ని మింగేస్తోంది.

తయారీదారులకు ఫిర్యాదు రాశాను. మర్యాదగానే జవాబు వచ్చింది. తమ దగ్గర ఏ తేడా కనబడటం లేదనీ, వెబ్ పేజీల నుండి అతికించిన పాఠంలో ఉండే అదృశ్యాక్షరాల చెత్తను కొత్త కూర్పు శుభ్రం చేస్తుందనీ, అది మేలేననీ దాని సారాంశం. వారికి అది చెత్త. నాకది మా ఊరిపేరులో భాగం. వారి మీద నాకు కోపం రాలేదు. ఇంగ్లీషు మాత్రమే రాసేవాడి కంటికి ఆ అక్షరం నిజంగానే లేదు. జవాబు చివర ఒక మాట ఉంది: సోర్సు బహిరంగమే, కావాలంటే మార్చుకోవచ్చు.

కావాలి కనుక కూర్చున్నాను. ఆరు రాత్రులు పట్టింది.

సోర్సు దించుకోవడమే మొదటి అవరోధం. ప్రాజెక్టు పుట్టిననాటి నుండి జరిగిన ప్రతి మార్పూ గిట్ దించుతూ పోతుంది. మా ఇంటి నెట్ సగంలో తెగితే మళ్ళీ మొదటికి. చరిత్ర వద్దు, నేటి ప్రతి ఒక్కటి చాలు అని 'డెప్త్ ఒకటి' అనే ఎంపికతో అడగవచ్చని తెలిసేసరికి ఒక రాత్రి గడిచింది. రెండవ రాత్రి కాన్ఫిగర్ నడిపితే జీటీకే లైబ్రరీ లేదంది. ఉంది, నా కళ్ళెదుటే ఉంది, నా తెర నడుస్తున్నదే దానిమీద. ప్రోగ్రాము నడవడానికి కావలసిన ప్యాకేజీ వేరు, దానితో కొత్త ప్రోగ్రాము కట్టడానికి కావలసిన హెడరు ఫైళ్ళ ప్యాకేజీ వేరనీ, డెబియన్, ఉబుంటుల్లో ఆ రెండవదాని పేరు చివర 'డెవ్' అని ఉంటుందనీ అప్పటికి నాకు తెలియదు. ఒకటి పెడితే ఇంకొకటి లేదంది. ప్యాకేజీల జాబితాలో సోర్సు వరుసలను తెరిచి, 'బిల్డ్-డెప్' అనే ఒక్క ఆదేశం ఇస్తే అవన్నీ ఒకేసారి వస్తాయట. అది తెలిసింది మూడవ రాత్రి.

నాలుగవ రాత్రి కంపైలింగు మొదలై, చివరి మెట్టు మీద ఆగిపోయింది. లింకరు చచ్చిపోయిందని ఒక పొడిమాట, అంతే. నా పాత యంత్రంలో జ్ఞాపకశక్తి తక్కువ. నేనేమో తొందరకొద్దీ పనులన్నీ ఒకేసారి నడపమని ఆదేశించాను. మెమరీ చాలక కెర్నలే దాని పీక నొక్కింది. పనులను రెండుకు తగ్గించి, డిస్కు మీద కొంత స్వాప్ కేటాయించాక గానీ ముందుకు కదలలేదు.

ఆ మరుసటి పొద్దున మా పక్కింటి కాక పలకరించాడు. బొగ్గుబాయిలో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషి.

"ఏంది బిడ్డా, నాల్గు రోజుల సంది రాత్రంత లైటు ఎలుగుతాంది?"

"ఒక మిషిన్ ఇప్పి మల్ల బిగిస్తున్న కాకా. అన్ని బిగించిన గని నడుస్తలేదు."

"ఇప్పేటప్పుడు ఏది ఏడ బెట్టినవో రాసుకున్నవా? రాసుకోకుంటె నీకూ గోసే, నీ ఎనుక అచ్చెటోనికీ గోసే."

కంప్యూటరు ముట్టని ఆ మనిషి చెప్పిన మాట నేను చదివిన ఏ మాన్యువల్లోనూ అంత సూటిగా లేదు. ఆ పూట నుండి ఒక నోటుబుక్కులో తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టాను. ఏ ఆదేశం ఇచ్చాను, ఏం తిట్టింది, ఏం చేస్తే ఊరుకుంది.

అయిదవ రాత్రి ఎడిటరు నా చేతుల మీదుగా కంపైలయి నడిచింది. ఆరవ రాత్రి, చెత్త అక్షరాల పట్టిక ఉన్న ఫైలు వెదికి, అందులో నుండి 200సి ఉన్న వరుస ఒక్కటి తీసేసి మళ్ళీ కంపైల్ చేశాను. 'జ్యోతినగర్‌లో' అని రాసి, దాచి, మూసి, తెరిచాను. పొల్లు పొల్లుగానే ఉంది.

ఒక్క వరుస. ఆ వరుసను తీయడానికి రెండు నిమిషాలు. తీసే అర్హత సంపాదించడానికి ఆరు రాత్రులు. నేను కోప్పడుతున్నది ఆ ఆరు రాత్రుల మీద. ఎందుకంటే వాటిలో కనీసం అయిదు, ఎవరో ఒకరు తెలుగులో నాలుగు పేజీలు రాసిపెట్టి ఉంటే అక్కరలేనివి.

ఇప్పుడు మనవాళ్ళ మీదికి వస్తాను.

మనం చేసిన తెలుగీకరణ చిన్నదేమీ కాదు. గ్నోమ్, కేడీఈ, ఫైర్‌ఫాక్స్, ఓపెనాఫీసు, 2010లో దాని నుండి విడివడిన లిబ్రాఫీసు, ఇవన్నీ తెలుగు మాట్లాడాయంటే వెనుక ఎందరో స్వచ్ఛందంగా వేలకొద్దీ వాక్యాలు అనువదించారు. డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టం తెచ్చిన స్వేచ్ఛ ఉద్యమకారులకు ఎన్ని నెనర్లు చెప్పినా తక్కువే. అయితే అనువాదకుల్లో చాలామందిమి మనం అనువదించిన ప్రోగ్రామును కంపైల్ చేసి, నడిపి, మన వాక్యం దాని చోట ఎలా కూర్చుందో చూడలేదు. నేనూ చూడలేదు. ఫలితం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ.

పది పుటల పత్రంలో మూడవ పుట మీద ఉంటే, ఇంగ్లీషు ముందు మూడు చెప్పి తర్వాత పది చెబుతుంది. తెలుగు '10 పుటల్లో 3వది' అంటుంది. అంకెల వరస తిరగబడాలి. అనువాదపు ఫైల్లో ఆ రెండు అంకెల చోటా రెండు శాతం గుర్తులుంటాయి, అంతే. ఏ గుర్తు ఎన్నోదో సంఖ్య వేసి చెప్పే పద్ధతి గెట్‌టెక్స్ట్‌లో ఉంది. అది తెలియని అనువాదకుడు చక్కని తెలుగువాక్యం రాస్తాడు, తెరమీద '3 పుటల్లో 10వది' అని వస్తుంది. రెండూ అంకెలే కనుక తనిఖీ చేసే పనిముట్టు కూడా తప్పు పట్టదు. నడిపి చూసిన కంటికి మాత్రమే అది దొరుకుతుంది.

ఇంకొన్ని చోట్ల అనువాదకుడి చేతిలో ఏమీ ఉండదు. 'తొలగించు' అనే ముక్కనూ, ఫైలు పేరునూ, ప్రశ్నార్థకాన్నీ సోర్సులోనే విడివిడిగా అతికించి ఉంటే, మీరెంత మహాపండితులైనా 'తొలగించు నివేదిక?' అనే వస్తుంది. 'నివేదికను తొలగించాలా?' అని అనిపించాలంటే సోర్సు మార్చాలి. కర్త కర్మ క్రియల వరస, విభక్తి, సంధి మన భాషకు ప్రాణం. వాటిని కాపాడుకునే పని అనువాదపు ఫైలు దగ్గర ముగియదు. "కవికి కంపైలరెందుకు" అన్న మిత్రమా, విభక్తి ప్రత్యయం మీద పట్టింపు ఉన్నవాడికే కదా అది కావలసింది?

కొలిమి పూర్తిగా పరాయిచోట ఉంటే ఏమవుతుందో లోకమంతా ఒకసారి చూసింది. 2018 ఫిబ్రవరిలో, తెలుగు 'జ్ఞా' అక్షరం, నడుమ ఇందాకటి ఆ అదృశ్యాక్షరంతో కలిసి ఒక సందేశంలో వస్తే చాలు, ఆపిల్ ఫోన్లలోనూ మ్యాకుల్లోనూ ఆ సందేశం చూపించే ప్రోగ్రాము కుప్పకూలింది. పత్రికలు మన అక్షరాన్ని బాంబు అన్నాయి. అక్షరానికి ఏ దోషమూ లేదు, దాన్ని తెరమీద పేర్చే కోడుకు ఉంది. కోట్లమంది తెలుగువాళ్ళున్నారు, వారిలో ప్రపంచ ప్రసిద్ధులైన ఇంజనీర్లున్నారు. ఆ కంపెనీ బయట ఉన్న ఒక్కరికైనా ఆ కోడు తెరిచి సరిచేసే దారి లేదు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చేదాకా కాచుకుని కూర్చున్నాం. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రాఫీసులు అక్షరాలు పేర్చడానికి వాడే హార్ఫ్‌బజ్ అలా కాదు. దాని సోర్సు బహిరంగం. అందులో దోషాలుండవని నేననను. దోషం దొరికిననాడు మనం చేయి పెట్టవచ్చు, చేయి ఆడితే.

చేయి ఆడించడం నేర్పాలన్న తెలివి ఈ ఉద్యమాన్ని మొదలుపెట్టినవాళ్ళకు తొలినాడే ఉంది. 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్, మొత్తం ఆపరేటింగ్ సిస్టం తయారయ్యేదాకా ఆగలేదు. ముందు ఎడిటరు, ఆ తర్వాత 1987లో జీసీసీ కంపైలరు లోకానికిచ్చాడు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ తన కెర్నల్‌ను కంపైల్ చేసుకున్నది దానితోనే. అదే 1991లో వచ్చిన జీపీఎల్ రెండవ కూర్పు, సంపూర్ణమైన సోర్సు అంటే ఏమిటో నిర్వచిస్తూ, కంపైలింగునూ స్థాపననూ నడిపే స్క్రిప్టులను కూడా అందులో చేర్చింది. కొలిమి లేని బొగ్గు ఇచ్చి చేతులు దులుపుకోవడం కుదరదని లైసెన్సులోనే రాసుకున్నారు. మనం దానికి ఒక్క మెట్టు కలుపుకోవాలి: కొలిమి వెలిగించే విధానం మన భాషలో ఉండాలి.

నాకు వచ్చిన, రాబోయే ఆక్షేపణలు కొన్ని.

"కంపైల్ చేసే స్థాయికి వచ్చినవాడికి ఇంగ్లీషు వస్తుంది కదా?" ఇది వాదం కాదు, ఒక కంచె. ఇంగ్లీషు వచ్చినవాళ్ళనే లోపలికి పంపి, లోపల ఇంగ్లీషు వచ్చినవాళ్ళే ఉన్నారని చూపిస్తున్నాం. గోదావరిఖనిలో తెలుగు మీడియంలో చదివి ఐటీఐ చేస్తున్న కుర్రవాడు మోటారు విప్పి చుట్టగలడు. వాడికి యంత్రం తర్కం తెలుసు. వాడికి అడ్డుపడుతున్నది 'హెడరు ఫైలు దొరకలేదు' అనే ఒక్క ఇంగ్లీషు వాక్యం. దాని అర్థం చెప్పడానికి నాకు పట్టేది మూడు తెలుగు వాక్యాలు.

"తయారుగా దొరుకుతుండగా ఎందుకీ శ్రమ?" రోజూ కంపైల్ చేయమని నేననడం లేదు. నేనూ తయారువే వాడుతున్నాను. అన్నం బయట తినవచ్చు, పొయ్యి వెలిగించడం ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలి.

"ఇప్పుడు యంత్రాన్నే అడిగితే చెబుతుంది." చెబుతుంది, నేనూ అడిగాను, పనికొచ్చింది కూడా. కానీ అది చెప్పేది ఎక్కడో ఎవరో రాసిపెట్టినదాని బలం మీదనే. తెలుగులో ఎవరూ రాయని సంగతిని, తెలుగువాడికే వచ్చే ఇబ్బందిని, అది దేన్ని చూసి నేర్చుకుంటుంది?

"ఇవన్నీ నిపుణులు చూసుకుంటారు." 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ లైబ్రరీలో దొంగతలుపు బయటపడింది. దాన్ని తెరిచే తాళం గిట్‌లోని సోర్సులో లేదు. విడుదల చేసిన కట్టలో, కంపైలింగు స్క్రిప్టు లోపల దాచారు. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డేటాబేసు ఇంజనీరు. లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానించి తవ్వాడు. ఆ లైబ్రరీని కాపలా కాయడం ఆయన ఉద్యోగం కాదు. నిపుణులు చూసుకుంటారని ఆయనా ఊరుకుని ఉంటే?

కనుక నేను కోరేది పెద్ద ఉద్యమం కాదు. ఒక్కొక్కరం మనం రోజూ వాడే ఒక్కొక్క ప్రోగ్రామును ఎంచుకుని, దాన్ని సోర్సు నుండి కంపైల్ చేసి, ఆ దారిని తెలుగులో రాద్దాం. అందులో నాలుగు విషయాలు తప్పక ఉండాలి. ఒకటి, ఏ యంత్రం మీద, ఏ ఆపరేటింగ్ సిస్టం ఏ కూర్పు మీద, ఎంత మెమరీతో చేశాం, ఎంత డేటా దించుకున్నాం. రెండు, ఎదురైన ప్రతి పొరపాటు సందేశమూ, దాని అర్థమూ. నెగ్గిన దారి ఒక్కటే రాస్తే పనికిరాదు, పడిన గుంటలూ రాయాలి. మూడు, వ్యవస్థలో ఉన్న ప్రతిని చెరపకుండా, మన సొంత ఫోల్డరులోనే వేరుగా స్థాపించుకునే పద్ధతి. భయం పోతేనే చేయి కదులుతుంది. నాలుగు, తెలుగును కలుపుకోవడం. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. లిబ్రాఫీసును ఏమీ అడగకుండా కంపైల్ చేస్తే ఇంగ్లీషు ఒక్కదానితోనే తయారవుతుంది. భాష అనే ఎంపిక దగ్గర 'టీఈ' అని రెండు అక్షరాలు మనమే రాయాలి. అడిగితే తెలుగు వస్తుంది, అడగకపోతే రాదు.

నా ఆరు రాత్రుల నోటుబుక్కును శుభ్రంగా తిరగరాస్తున్నాను, ఈ వారంలోనే ఇక్కడ పెడతాను. తప్పులుంటే వ్యాఖ్యల్లో నిర్మొహమాటంగా దిద్దండి.

ఇంతకీ ఆ ఒక్క వరుస సవరణ ఏమయిందో చెప్పలేదు కదూ. ఎడిటరు తయారీదారులకు పంపాను. మొదట మద్దతు పలికింది తెలుగువాడు కాదు, పారశీకం రాసుకునే ఒక మనిషి. వారి మాటల్లోనూ ఆ అదృశ్యాక్షరం అడుగడుగునా కావాలట. ఆయన కూడా చాలాకాలంగా విసిగిపోయి ఉన్నాడట, కానీ కంపైల్ చేయడం రాక ఊరుకున్నాడట. కొన్ని వారాలకు సవరణ అంగీకరించారు, ఒక షరతుతో. ఈ తప్పు మళ్ళీ దొర్లకుండా, ప్రతిసారీ సరిచూసుకోవడానికి ఒక పరీక్షవాక్యం రాసిమ్మన్నారు.

'నేను జ్యోతినగర్‌లో ఉంటాను' అని రాసిచ్చాను. ఇప్పుడు ఏ దేశంలో ఎవరు ఆ ఎడిటరును కంపైల్ చేసి పరీక్షలు నడిపినా, మా ఊరిపేరు చెక్కుచెదరలేదని తేలాకే యంత్రం సరేనంటుంది. కథలూ కవిత్వమూ రాసుకునేవాడికి ఈ గొడవ ఎందుకని అడిగిన మిత్రునికి, నా రాతల్లో ఇంతకంటే ఎక్కువమంది సరిచూసిన వాక్యం మరొకటి లేదని మనవి.